కరకట్ట మీద ఉప్పన నీళ్ళు

సోమవారం

గాలివాన వెలిసింది. వడపోత గది మీద ఒక రేకు లేచిపోయింది. కరెంటిచ్చే ఎండ పలకలకు అంటిన బురద కడిగి మిషను తిప్పాను. ఉప్పు వడగట్టే పొర చిరగలేదు. మొదటి దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని, నాలుక మీద కాసేపు ఉంచి, బయటికి ఉమ్మాను. చప్పన. గది మీది కర్రకు తెల్లగుడ్డ కట్టి గంట కొట్టాను. జనం బిందెలతో వచ్చారు.

ఈ పుస్తకంలో పొర సంగతి, నీళ్ళ సంగతి తప్ప ఇంకేమీ రాయవద్దని మెరక ఆఫీసు వాళ్ళ ఉత్తరువు. ఇన్నాళ్ళూ అలాగే రాశాను. చప్పన, తెల్లగుడ్డ. రోజుకు ఆ రెండు మాటలే. ఇవాళ ఇంకొంచెం రాయాల్సి వచ్చింది. కింద వరస ఇళ్ళలో ఇద్దరు పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి.

కట్టకు అటూ ఇటూ ఉప్పునీరే. మా తాతల పొలాలు ఆ అడుగున ఉన్నాయంటారు. నేను చూడలేదు. ఇక్కడ ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా మొదటి అనుమానం నీళ్ళ మీదికి పోతుంది, అంటే నా నాలుక మీదికి. పొర చిరిగిన ఏడాది నీళ్ళు ఒక్కసారిగా ఉప్పు కాలేదు. రోజుకు కాస్త, రోజుకు కాస్త పెరిగింది. మిషను మీద ఉప్పు చూపే ముల్లు కదలలేదు, మనుషులకూ తెలియలేదు. తెలిసేసరికి కాళ్ళు వాచి పెద్దవాళ్ళు పోయారు, పిల్లలూ పోయారు. అప్పటినుంచి కట్ట మీద ముల్లును నమ్మరు, నాలుకను నమ్ముతారు. ఆ నాలుక ఉప్పు మింగకూడదు. కూరలో, మజ్జిగలో, పచ్చడిలో, దేంట్లోనూ. ఈ పని ఒప్పుకున్నాక నేను మింగలేదు.

సలోమి బిందె కింద పెట్టి, నీళ్ళు నిజంగా చప్పగానే ఉన్నాయా అని అడిగింది. ఆమె కొడుకు ఏడాది నిండనివాడు, ఆ ఇద్దరు పిల్లల్లో ఒకడు. గ్లాసు ఇచ్చి తననే చూసుకోమన్నాను. నోట్లో పోసుకుంది, ఉమ్మింది, తల ఊపింది. అయినా సగం బిందెతోనే వెళ్ళింది. పిల్లాడికి నీళ్ళు తగ్గించిందట. పోసిందంతా కిందికి పోతుంటే పొయ్యడం దేనికని ఆమె లెక్క. నాకూ అది సబబుగానే తోచింది.

మంగళవారం

చప్పన. తెల్లగుడ్డ.

మెరక నుంచి నర్సు వచ్చింది. పేరు మస్తాన్‌బీ. చిన్నపిల్ల, మా కట్టకు రావడం ఇదే మొదలు. పడవ దిగగానే కింద వరసకు వెళ్ళింది. గాలివానకు మరుగుదొడ్లు పొంగి, నీళ్ళు నిలవచేసే తొట్టిలోకి మురుగు దిగిందని కనిపెట్టింది. మిషను దాటి వచ్చిన మంచినీళ్ళు తొట్టిలో చెడ్డాయంది. నేను రుచి చూసేది మిషను మూతి దగ్గర. తొట్టి దగ్గర చూసినా ఏమీ తెలిసేది కాదు. మురుగులోని పురుగుకు రుచి ఉండదట.

తొట్టి ఖాళీ చేయించి, రుద్దించి, క్లోరిన్ బిళ్ళలు వేయించింది. తాగేనీళ్ళు మరగబెట్టుకోమంది. అక్కడిదాకా ఎవరూ కాదనలేదు.

తర్వాత సలోమి ఇంట్లో ఒక పొట్లం చింపి కూజాడు నీళ్ళలో కలిపింది. పిల్లాడికి చెంచాతో పడుతూ ఉండమని చెప్పి పక్కింటికి వెళ్ళింది. సలోమి ఆ కూజా పట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది. బయటివాళ్ళ చెయ్యి పడిన నీళ్ళు ఏవైనా తాగబోయే ముందు నాకు చూపించాలి. అది కట్ట మీది కట్టుబాటు. నేను నోట్లో పోసుకున్నాను. ఉప్పన. మరీ ఎక్కువ కాదు, కానీ ఉప్పనే. దాని వెనకాల తీపి. ఉప్పు తెలియకుండా ఉండడానికే తీపి కలిపారనుకున్నాను. ఉమ్మేసి, కూజా గట్టు మీద బోర్లించి, తెల్లగుడ్డ దించి ఎర్రగుడ్డ కట్టాను.

ఎర్రగుడ్డ చూసి జనం ఇళ్ళలో ఉన్న నీళ్ళన్నీ పారబోశారు. మరగబెట్టుకున్నవి కూడా.

నర్సు చెప్పులు చేత పట్టుకుని బురదలో పడుతూ లేస్తూ వచ్చింది.

“అది మందు పెద్దమ్మా. ఎందుకు పారబోశావ్?”

“మందైతే సీసాలో ఉండాల. నీళ్ళ కూజాలో ఎందుకుంది?”

“నీళ్ళలో కలిపితేనే అది మందు.”

“ఉప్పున్న నీళ్ళు ఇక్కడెవరూ తాగరమ్మాయ్. నువ్వు రేపు పడవెక్కి పోతావు. ఈ కట్ట మీద ఉండాల్సింది నేను.”

ఆ పిల్ల నాతో వాదించలేదు. అలిసిపోయి ఉంది. గట్టు మీద కూర్చుని, పక్క కట్టల మీద ఇంకా ఎక్కువమంది పిల్లలు పడి ఉన్నారని, ఇవాళే వెళ్ళాలని చెప్పింది. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నించింది. పిల్లల ఒంట్లోంచి పోయేది ఒట్టి నీళ్ళు కాదట, ఉప్పు కూడా పోతుందట. పోయిన ఉప్పు తిరిగి ఇవ్వకుండా చప్పని నీళ్ళే పోస్తే ఒంటికి సరిపోదట. తీపి తోడుంటేనే పేగు ఆ ఉప్పునీ నీళ్ళనీ పట్టుకుంటుందట. నేను ఊ కొట్టాను గానీ నమ్మలేదు.

వెళ్ళే ముందు తన ముంజేతి మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి, వదిలి చూపించింది. పిల్లల కడుపు మీద ఇలా పట్టి చూడమంది. వెంటనే సర్దుకుంటే భయం లేదు. మెల్లగా సర్దుకుంటే ఒంట్లో నీరు తగ్గినట్టు. కళ్ళు గుంటపడతాయి, నోరెండుతుంది, ఏడిస్తే కన్నీళ్ళు రావు, మూత్రం తగ్గుతుంది, పిల్లలు చిరాకు పడతారు, నీళ్ళ గ్లాసు కోసం ఎగబడతారు. అప్పటికి ఇంకా మన చేతిలోనే ఉన్నట్టు. చర్మం మడత అలాగే నిలబడిపోయి, పిల్ల మగతగా పడి ఉండి, తాగలేకపోతే మాత్రం కూర్చుని చూడకూడదు, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి, నరంలోంచి ఎక్కించాలి. తల్లిపాలు ఆపొద్దంది. తిండి మానిపించొద్దంది.

పొట్లాల సంచి నా గదిలో పెట్టి పోయింది. దాని మీద కూడా ఎర్రగుడ్డ ముక్క ఒకటి కప్పాను.

బుధవారం

మిషను నీళ్ళు చప్పన. తెల్లగుడ్డ కట్టినా బిందెలు తక్కువ వచ్చాయి.

పొద్దున సలోమి ఇంటికి వెళ్ళాను. పిలవలేదు, నేనే వెళ్ళాను. పిల్లాడు చాప మీద ఉన్నాడు. ఏడవడం లేదు. మాడు లోపలికి పోయింది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గానీ దేన్నీ చూడడం లేదు. సలోమి పాలివ్వబోతే నోరు పెట్టలేదు. కడుపు మీద చర్మం పట్టి వదిలాను. మడత అలాగే నిలబడింది.

వైర్‌లెస్‌లో మస్తాన్‌బీ దొరికింది. తాగుతున్నాడా అని అడిగింది. లేదన్నాను. పడవ పంపిస్తున్నా, మీరు రేవు దగ్గర ఉండండి అంది. గాలివాన పోయినా మబ్బు పోలేదు. ఎండ లేకపోతే మెరక పడవలు నడకంత జోరుకూడా పోవు. సలోమి రేవు మెట్ల మీద కొడుకును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె పెద్దపిల్ల రూతు పక్కన నిలబడి తమ్ముడి మొహం మీద ఈగలు తోలింది. పడవ కనబడేసరికి తోలాల్సిన పని లేకపోయింది.

నిన్నటి కూజాలో సగమైనా వాడి లోపలికి పోయి ఉంటే ఏమయ్యేదో నర్సు చెప్పలేదు. నేను అడగలేదు.

కట్ట మీద పూడ్చడానికి చోటు లేదు. వచ్చిన పడవలోనే మెరకకు తీసుకెళ్ళారు.

గురువారం

చప్పన.

పొట్లాల సంచి మీది ఎర్రగుడ్డ తీసి, సంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఇవాళ్టికి విరేచనాలు ఏడిళ్ళలో ఉన్నాయి. దాదాపు ఎవరూ తీసుకోలేదు. మొన్న ఉప్పన అని పారబోశావు, ఇవాళ తాగమంటున్నావు, ఏది నమ్మాలి అని అడిగారు. వాళ్ళ తప్పేమీ లేదు. ఒకావిడ మర్యాదగానే అడిగింది, నా నాలుకకు ఏమైనా అయిందా అని.

తీసుకున్న ఒకరిద్దరు కూడా పట్టలేకపోయారు. పిల్లలు ఉమ్మేశారు. అది రాయాలి, ఆఫీసు వాళ్ళకు తెలియదు కాబట్టి. కట్ట మీద పుట్టిన ప్రతి పిల్లకూ ఆరో నెలలో ఉమ్మింపు చేస్తాం. పిల్లను నా ఒళ్ళో కూర్చోబెడతారు. నేను పిల్ల చూస్తుండగా ఉప్పునీళ్ళు నోట్లో పోసుకుని, మొహం వికారంగా పెట్టి, ఉమ్మేస్తాను. తర్వాత పిల్ల నోట్లో వేలితో రెండు చుక్కలు రాస్తాను. పిల్ల మొహం ముడిచి ఉమ్ముతుంది. ఆడవాళ్ళందరూ చప్పట్లు కొడతారు, పప్పుబెల్లాలు పంచుతారు. ఆ తర్వాత పిల్ల ఎప్పుడు ఉప్పునీళ్ళు ఉమ్మినా ఇంట్లో ఎవరో ఒకరు చప్పట్లు కొడుతూనే ఉంటారు. నడక రాకముందే వచ్చే బుద్ధి అది. అలా నేర్పకపోతే పిల్లలు గట్టు దిగి ఏ గుంటలో నీళ్ళైనా తాగేస్తారు.

కట్ట మీద ఉన్న ఏ పిల్లను చూసినా నా ఒళ్ళో ఉమ్మిన పిల్లే.

మధ్యాహ్నం కుమారి కనబడింది. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది, వరసకు కోడలవుతుంది. ఆమె మొగుడు మెరకలో ఎండ పలకల పనికి వెళ్ళి నెలయింది. కూతురు నీలవేణికి రెండున్నరేళ్ళు. పొద్దుటినుంచి నీళ్ళలా పోతోందని, తిన్నది కక్కుతోందని చెప్పింది. చప్పటి నీళ్ళు మాత్రం గటగటా తాగుతోందట. తాగినవి కాసేపటికే కక్కుతోందట. పొట్లం ఇవ్వబోయాను. చూసింది గానీ చెయ్యి చాపలేదు.

“పిల్లకిచ్చే ముందు మా అత్తనడగాల” అంది.

వాళ్ళ అత్త తిరుపతమ్మ. పొర చిరిగిన ఏడాది ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న మనిషి. అడిగితే ఏమంటుందో మాకిద్దరికీ తెలుసు.

శుక్రవారం

చప్పన. తెల్లగుడ్డ కట్టి, తాళం వేసి, కుమారి ఇంటికి వెళ్ళాను. ఆమే కబురు పెట్టింది. పొట్లాలు తెమ్మంది.

నీలి తల్లి ఒళ్ళో ఉంది. ఒక్క రోజులో మొహం ముసలిదానిలా అయిపోయింది. కళ్ళు గుంటపడ్డాయి. నన్ను చూసి ఏడ్చింది, చెంపలు మాత్రం తడవలేదు. నిన్న మధ్యాహ్నం నుంచి మూత్రం పోయలేదని కుమారి చెప్పింది. కడుపు మీద చర్మం పట్టి వదిలాను. మడత లేచి, మెల్లగా, ఆలోచించుకుంటున్నట్టు సర్దుకుంది. నిలబడిపోలేదు. గ్లాసు కనబడితే చేతులు చాపుతోంది. ఇంకా తాగగలదు. మస్తాన్‌బీతో మాట్లాడాను. ఇప్పుడే మొదలుపెట్టమంది. మగత వచ్చినా, తాగడం మానేసినా వెంటనే చెప్పమంది. పడవ మాత్రం రేపటికి గానీ రాదట, మబ్బు అలాగే ఉంది.

తిరుపతమ్మ గడపలో అడ్డంగా కూర్చుని ఉంది. పొట్లం చూసి లేవలేదు, అలాగని పొమ్మనలేదు. నేను చేతులు కడుక్కుని, మరగబెట్టి చల్లార్చిన లీటరు నీళ్ళలో పొట్లం మొత్తం కలిపాను. తక్కువ నీళ్ళు పోస్తే ఉప్పు ఎక్కువై ప్రమాదమని, ఎక్కువ పోస్తే పనిచేయదని మస్తాన్‌బీ రెండుసార్లు చెప్పింది. సరిగ్గా కలిపితే కన్నీళ్ళకంటే ఉప్పగా ఉండకూడదంది.

కుమారి చెంచాడు తీసి పిల్ల నోట్లో పోసింది. నీలి నాలుకకు తగలగానే మొహం ముడిచింది, తల పక్కకు తిప్పి, ఉన్న బలమంతా పెట్టి ఉమ్మింది. తిరుపతమ్మ చప్పట్లు కొట్టింది. అలవాటుగా కొట్టింది. రెండు చరుపుల తర్వాత ఆగి, తన చేతులకేసి చూసుకుని, వాటిని కొంగులో చుట్టుకుంది.

ఇంకో చెంచా. ఉమ్మింది. ఇంకోటి. ఉమ్మింది. ఉమ్ముతూ మా మొహాల్లోకి చూసింది, బాగా చేశాననే అనుకుంటోంది.

గంజిలో ఉప్పు తింటారు కదా, గంజి అని చెప్పి పడదామని తిరుపతమ్మే అంది. పల్చగా బియ్యం గంజి కాచి, చిటికెడు ఉప్పేసి, పళ్ళెంలో పోసి పట్టాం. రెండు చెంచాలు మింగింది. మూడోది మింగుతూనే మొత్తం కక్కింది. మళ్ళీ పళ్ళెం చూపిస్తే మొహం తిప్పేసింది. కక్కితే కంగారుపడొద్దని, పది నిమిషాలు ఆగి మళ్ళీ ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టమని నర్సు చెప్పింది. ఆగాం. ఆగినంతసేపూ నీలి చప్పటి నీళ్ళ గ్లాసు కేసి చూస్తూనే ఉంది.

కుమారి చెంచా కింద పెట్టింది.

“పొద్దున్నే నువ్వు నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్ముతావు గందా అత్తా. ఇది రోజూ అరుగు మీద కూర్చుని అదే ఆట ఆడుద్ది. కొబ్బరి చిప్పలో నీళ్ళు పోసుకుని, మూతి ముడిచి, తుపుక్కుమని ఉమ్మి, ‘తెల్లగుడ్డ’ అంటది.”

ఆమె ఎటు వస్తోందో నాకు తెలుసు.

“నువ్వు మింగు అత్తా. దాని ముందర.”

“మింగితే రేపు నీళ్ళు చూడలేనే. నాలుక చెడిపోద్ది.”

“సీతారావమ్మకీ ఒక నాలుకుంది.”

సీతారావమ్మ నా తర్వాత ఈ పనికి రావలసిన మనిషి. రెండేళ్ళుగా ఉప్పు మానేసి నా దగ్గర నేర్చుకుంటోంది. ఉప్పు కనిపెడుతుంది, కానీ నెమ్మది. పొర సన్నగా చిరిగితే ఆమెకు వెంటనే తెలుస్తుందని నేను గట్టిగా చెప్పలేను. అది కుమారికి చెప్పాలనుకున్నాను. చెబితే కట్ట మీద అందరి ప్రాణాలూ ఒక పక్క, ఈ పిల్ల ఒక పక్క పెట్టినట్టు అవుతుంది. తిరుపతమ్మ వైపు చూశాను. వద్దంటుందేమోనని చూశాను. ఆమె గడపలోంచి లేచి, చాప పక్కకు జరిపి, నాకు నీలి ఎదురుగా చోటు చేసింది.

గ్లాసులో పోసుకున్నాను. నీలి చూస్తోంది. నోట్లో పోసుకున్నాను. నాకు తెలియకుండానే తల పక్కకు తిరిగింది, ఉమ్మేశాను. నీలి ఎండిపోయిన నోటితో తనూ ఉమ్మినట్టు చేసింది. పాపం నోట్లో ఏమీ లేదు.

మళ్ళీ పోసుకున్నాను. ఈసారి ఉమ్మలేదు. మింగాలనుకుంటే మింగుడు పడలేదు. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. ముక్కులోంచి కొంత బయటికి వచ్చింది. కుమారి నవ్వలేదు, సాయం చెయ్యలేదు. పిల్లను కొంచెం ముందుకు జరిపి పట్టుకుంది, బాగా కనబడాలని.

మూడోసారి మింగాను. గొంతు దిగింది. నోరు తెరిచి నీలికి చూపించాను. లోపల ఏమీ లేదు. నీలి తల వంచి నా నోట్లోకి తొంగి చూసింది.

“ఉప్పనే” అన్నాను. “తాగొచ్చు.”

ఈ రెండు మాటలు కలిపి ఈ కట్ట మీద ఎవరూ అని ఉండరు.

చెంచా పెట్టింది కుమారి. నీలి మొహం ముడిచింది. నోట్లో ఉంచుకుని నా వైపే చూసింది. నేను ఇంకో గుక్క తాగాను. నీలీ మింగింది.

అలా సాయంత్రం దాకా కూర్చున్నాం. రెండు మూడు నిమిషాలకో చెంచా. ఎక్కువ పడితే కక్కుతుందని తొందరపడకుండా పట్టాం. నాలుగైదు చెంచాలకు ఒకసారి నీలి నోరు మూసుకుని నా వైపు చూసేది. నేను తాగేదాన్ని. ఒకసారి కక్కింది, ఆగి మళ్ళీ మొదలుపెట్టాం. విరేచనం అయినప్పుడల్లా ఇంకొంచెం ఎక్కువ పట్టాం. తిరుపతమ్మ గుడ్డలు మార్చింది, ఉడకబెట్టింది, చేతులు కడుక్కుంది. మధ్యలో ఒకసారి ఇంకో లీటరు కలపాల్సి వచ్చింది. నాకు నడుము పట్టేసింది. కుమారి కూర్చునే కునుకు తీస్తూ చెంచా జారిపోకుండా పట్టుకుంది.

దీపాలు పెట్టే వేళకు నీలి తల్లి ఒళ్ళో మూత్రం పోసింది. కుమారి లేవలేదు. తడిసిన చీరతోనే అలాగే కూర్చుని, నా చెయ్యి తీసి ఆ తడి మీద పెట్టింది. మంచి వేడిగా ఉంది. కడుపు మీద చర్మం పట్టి వదిలితే మడత నిలవలేదు. నీలి బెల్లం అడిగింది. లేదంటే ఏడ్చింది. చెంపలు తడిశాయి.

శనివారం

ఇవాళ నేను నీళ్ళు చూడలేదు. పొద్దున అంకినీడు గారు, కట్ట పెద్ద, వడపోత గది దగ్గరికి వచ్చారు. నిన్న జరిగింది అందరికీ తెలిసిపోయింది. ఆయన కేకలు వెయ్యలేదు. నన్ను అరుగు మీద కూర్చోమని, తనూ కూర్చుని మాట్లాడారు.

“పిల్ల బతికింది, సంతోషం. కాదనను. కానీ నాంచారమ్మా, ఉప్పన నీళ్ళు తాగొచ్చని నీ నోటితో అన్నాక, రేపు పొర చిరిగిన రోజున నువ్వు ఎర్రగుడ్డ కడితే, అది మందేమోలే అనుకునేవాడు ఒక్కడు ఉండడంటావా?”

ఉంటాడు. ఆయన అడిగింది న్యాయమే. మందు నీళ్ళు వేరే కూజాలో, పచ్చగుడ్డ చుట్టి పెట్టుకుందామని, మిషను మూతి దగ్గర మాత్రం పాత కట్టుబాటే ఉంచుదామని చెప్పాను. ఆలోచిద్దామన్నారు. ఆలోచించేలోగా పిల్లలకు ఎవరు తాగి చూపిస్తారని అడిగాను. ఆయన సీతారావమ్మ వైపు చూశారు. ఆమె నా వైపు చూసింది. తాళంచెవి నడుము నుంచి విప్పి ఆమెకు ఇచ్చాను. ముల్లును చూడొద్దని, నోట్లో ఎక్కువసేపు ఉంచుకోమని చెప్పాను. వారానికొకసారి మెరక నుంచి పరీక్ష సీసాలు తెప్పించమని, ఆమె నాలుకతో పాటు అవీ చూడాలని ఆఫీసుకు రాస్తున్నాను. ఇది రాసినందుకు ఎవరైనా కోప్పడితే కోప్పడవచ్చు.

సీతారావమ్మ నోట్లో పోసుకుంది. చాలాసేపు ఉంచింది. ఉమ్మింది. చప్పన అంది. గొంతు సన్నగా వచ్చింది గానీ అంది. తెల్లగుడ్డ కట్టింది.

పొట్లాలు నాలుగే మిగిలాయి. అవి చాలకపోతే లీటరు నీళ్ళకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, గీటుకు సమంగా కొలిచి వెయ్యమని మస్తాన్‌బీ వైర్‌లెస్‌లో చెప్పింది. సంచి సర్దుకున్నాను. ఏడిళ్ళు తిరగాలి. ప్రతి ఇంట్లో పిల్ల ఎదురుగా కూర్చుని తాగాలి. నిన్నటి ఉప్పుకే నోరంతా మొద్దుబారినట్టుంది.

గది ముందర ఎవరో నిలబడ్డారు. సలోమి. కొడుకు పోయాక ఇప్పటిదాకా నా ఎదుట పడలేదు. లోపలికి రాలేదు. గుమ్మం అవతలే నిలబడి మాట్లాడింది.

“మా పెద్దదానికి మొదలైంది.”

“ఎప్పట్నించి?”

“పొద్దుట్నించి. రెండు సార్లయింది. నీళ్ళు ఆపలేదు నేను.”

ఇంకేదో అంటుందని నిలబడ్డాను. ఆ కూజా సంగతి ఎత్తుతుందనుకున్నాను. ఎత్తలేదు.

“నువ్వొచ్చి తాగు” అంది.

ఆమె ముందు నడిచింది, వెనకాల నేను. కింద వరసలో ఇంకా బురద ఎండలేదు. ఇంట్లో తమ్ముడు పడుకున్న చాప చుట్టి మూలకు నిలబెట్టి ఉంది. రూతు గోడకు ఆనుకుని కూర్చుంది, మోకాళ్ళు కడుపుకు నొక్కుకుని. నోరు ఎండలేదు, కళ్ళలో తడి ఉంది. చర్మం పట్టి చూస్తే వెంటనే సర్దుకుంది. ఇది మన చేతిలో ఉన్నదే అని సలోమికి చెప్పాను. ఆమె విన్నట్టు కనబడలేదు. చేతులు కడుక్కుని, మరగబెట్టిన నీళ్ళు లీటరు కొలిచి, తనే పొట్లం చింపి, తనే కలిపి, గ్లాసు నా చేతికిచ్చి పక్కకు తప్పుకుంది.

రూతుకు అయిదేళ్ళు. నీలిలా ఆటకు మోసపోయే వయసు కాదు. మంగళవారం నేను కూజా బోర్లించినప్పుడు తల్లి కొంగు పట్టుకుని పక్కనే ఉంది.

నేను తాగాను. ఆ పిల్ల నా మొహం చూడలేదు. నా గొంతు చూసింది. గుక్క దిగిందాకా చూసింది. రెండో గుక్క కూడా తాగమన్నట్టు అలాగే కూర్చుంది. అదీ తాగాను. అప్పుడు చెయ్యి చాపి గ్లాసు తీసుకుంది.